ఇంటర్న్‌షిప్ నివేదికకు రోజూ నాలుగు వాక్యాలు

ఇంటర్న్‌షిప్ ముగిశాక నివేదిక రాయడానికి కూర్చుంటే, మొదటి నెలలో ఏం చేశామో ఒక్క ముక్క కూడా గుర్తుకు రాదు. అందుకే రోజూ ఆఫీసు నుంచి బయలుదేరే ముందు పది నిమిషాలు కేటాయించి, తేదీ వేసి, అప్పగించిన పని, దానిని చేసిన తీరు, వచ్చిన ఫలితం, తీరని సందేహం అనే నాలుగింటిని ఒక్కో వాక్యంలో రాసుకోవడం మంచిది. ఫలితం మాత్రం అంకెల్లోనే ఉండాలి. ‘ఎక్సెల్ షీటు సరిచేశాను’ అనడానికి బదులు ‘1,200 వరుసల షీటులో రెండుసార్లు నమోదైన 85 బిల్లులను తొలగించాను’ అని రాసుకుంటే, ఆ వాక్యం రేపు రెజ్యూమేలోకి యథాతథంగా వెళ్తుంది, వైవాలో అడిగినా తడుముకోనక్కర లేదు. శుక్రవారం ఉదయం ఆ వారపు సందేహాలలో ముఖ్యమైన రెండింటిని మాత్రమే ఏరి మెంటర్‌గారికి మెయిల్ పంపి, పదిహేను నిమిషాల సమయం అడగాలి. పది ప్రశ్నలు పంపితే జవాబు రావడం కష్టమే.

అయితే, గోప్యతా ఒప్పందం మీద సంతకం చేసిన చోట ఈ పద్ధతి ఉన్నదున్నట్టుగా పనికిరాదు. అక్కడ ఖాతాదారుల పేర్లు, కోడు, స్క్రీన్‌షాట్లు సొంత పుస్తకంలోకి గానీ ఫోనులోకి గానీ ఎక్కించకూడదు. అంకెలను సైతం మెంటర్‌గారి అనుమతి తీసుకున్న తరువాతే నివేదికలో చేర్చాలి.