లెక్కలు మళ్ళీ మొదటి నుంచి – 5వ పాఠం: సున్నాతో ఎందుకు భాగించకూడదు?

కిందటి పాఠంలో రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య ఎందుకు వస్తుందో చూశాం. అక్కడ వాడిన పనిముట్టు ఒక్కటే, విభాగ న్యాయం: క × (గ + చ) = క×గ + క×చ. ఈ పాఠానికీ అదే చాలు. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ కూడా తెరిచి ఉంచండి.

ముందు మిగిలిపోయిన అభ్యాసం సంగతి. ఏ సంఖ్యనైనా సున్నాతో గుణిస్తే సున్నాయే ఎందుకు రావాలో నిరూపించమన్నాను. ఎక్కాల్లో అలా ఉంది కాబట్టి అంటే ఒప్పుకోను. ఇలా చేయాలి: 0 అంటే 0 + 0 కదా. కాబట్టి 0×7 = (0+0)×7 = 0×7 + 0×7. రెండు వైపుల నుంచీ ఒక 0×7 తీసేయండి. ఎడమ పక్క 0, కుడి పక్క 0×7 మిగులుతాయి. అయిపోయింది. 7 బదులు ఏ సంఖ్య పెట్టినా ఇదే వరస. ఈ మూడు వాక్యాలూ గుర్తుంచుకోండి, ఇవాళ్టి కథంతా వీటి మీదే నడుస్తుంది.

ఇక భాగహారం. 12 ÷ 3 = 4 అని ఎందుకంటున్నాం? 4 × 3 = 12 కాబట్టి. భాగహారం సొంతంగా నిలబడే పని కాదు, గుణకారాన్ని వెనక్కి తిప్పి అడిగే ప్రశ్న: "3తో ఏ సంఖ్యను గుణిస్తే 12 వస్తుంది?" ఈ ప్రశ్నకి జవాబుందనాలంటే రెండు షరతులు. అలాంటి సంఖ్య ఒకటి ఉండాలి. అది ఒక్కటే ఉండాలి. రెండో షరతును చాలామంది పట్టించుకోరు. కానీ "12 ÷ 3" అని రాసినప్పుడు మనం ఒక సంఖ్య పేరు రాస్తున్నాం. ఆ పేరు మీకు 4, నాకు 9 అయితే లెక్క ముందుకి సాగదు.

ఇప్పుడు 12 ÷ 0 చూడండి. సున్నాతో ఏ సంఖ్యను గుణిస్తే 12 వస్తుంది? దేన్ని గుణించినా సున్నాయే వస్తుందని ఇందాకే తేల్చాం. అలాంటి సంఖ్య లేదు.

0 ÷ 0 సంగతి వేరు. సున్నాతో ఏ సంఖ్యను గుణిస్తే 0 వస్తుంది? 5 సరిపోతుంది, −3 సరిపోతుంది, వెయ్యీ సరిపోతుంది. మొదటి దానికి జవాబే లేదు, రెండో దానికి జవాబులు మరీ ఎక్కువ. రెండింటినీ "నిర్వచించలేం" అనే ఒకే గాటన కట్టేస్తారు గానీ, వచ్చిన చిక్కు ఒకటి కాదు. వచ్చే పాఠానికి ఈ తేడా బాగా అవసరం.

పన్నెండు వస్తువుల్ని సున్నా మందికి పంచడం అనే వివరణ మీరు వినే ఉంటారు. అది నాకు అంతగా నచ్చదు. "ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ ఏమీ రాదు, జవాబు సున్నా" అని పిల్లలు తెలివిగా వాదిస్తే తిప్పికొట్టడం కష్టం. అంతకంటే పదేపదే తీసివేయడం నయం. 12లోంచి 3 తీస్తే 9, తర్వాత 6, 3, 0. నాలుగు సార్లు తీశాం, జవాబు 4. పాతకాలపు పళ్ళచక్రాల లెక్కల యంత్రాలు సరిగ్గా ఇలాగే భాగించేవి. మోటారు బిగించిన యంత్రానికి సున్నాతో భాగించమని చెబితే, 12లోంచి 0 తీసేది, 12 మిగిలేది, మళ్ళీ 0 తీసేది, మళ్ళీ 12. చక్రాలు గడగడా తిరుగుతూనే ఉండేవి, ఎవరో ఒకరు ఆపేదాకా. జవాబుకి దగ్గరవుతోందా అంటే అదీ లేదు. లక్షో సారి తీసివేశాక కూడా మొదలుపెట్టిన చోటే ఉంటుంది.

"అంటే అనంతం అన్నమాట" అని మీలో సగం మంది ఈపాటికి అనుకుని ఉంటారు. ఆ ఊహ ఎక్కడ్నుంచి వస్తుందో చూద్దాం. 12ని 1తో భాగిస్తే 12. 0.1తో భాగిస్తే 120. 0.01తో 1200, 0.001తో 12000. విభాజకం సున్నాకి దగ్గరవుతున్నకొద్దీ భాగఫలం హద్దు లేకుండా పెరుగుతోంది. ఇంతవరకు నిజమే. కానీ సున్నాకి రెండు పక్కలున్నాయి. అటు పక్క నుంచి రండి: −0.1తో భాగిస్తే −120, −0.01తో −1200, −0.001తో −12000. ఒక దారిలో వెళ్తే పైకి, ఇంకో దారిలో వెళ్తే పాతాళానికి. సరిగ్గా సున్నా దగ్గర ఏది రాయాలి? పైగా 12 ÷ 0 అనంతమే అనుకుంటే, అదే తర్కంతో 7 ÷ 0 కూడా అనంతమే. వెనక్కి గుణిస్తే అనంతం × 0 ఒకసారి 12, ఇంకోసారి 7 కావాలి. అంటే 12, 7 ఒకటే అని ఒప్పుకోవాలి.

ఈ చిక్కులో పడినవాళ్ళు మామూలువాళ్ళేం కాదు. సున్నాని సంఖ్యగా తీసుకుని దానికి కూడికలు, తీసివేతలు, గుణకారాల నియమాలు రాసిన బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో 0 ÷ 0 = 0 అన్నాడు. మిగతా సంఖ్యల్ని సున్నాతో భాగిస్తే, హారంలో సున్నా ఉన్న భిన్నంగా అలాగే వదిలేశాడు. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు సున్నాతో భాగించినా సంఖ్య మారదన్నాడు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు హారంలో సున్నా ఉన్న భిన్నానికి ఖహరమని పేరు పెట్టి, ఏం కలిపినా ఏం తీసినా మారని అనంత రాశి అన్నాడు. 18వ శతాబ్దంలో స్విస్ గణితవేత్త ఆయిలర్ అంతటివాడు కూడా తన బీజగణిత పుస్తకంలో 1 ÷ 0 అనంతమనే రాశాడు.

బ్రహ్మగుప్తుడి మాటను మన పద్ధతిలో పరీక్షిద్దాం. 0 ÷ 0 = 0 అంటే 0 × 0 = 0 కావాలి. అవుతుంది కూడా! మొదటి చూపుకి తప్పేం లేదు. ఇప్పుడు భిన్నాల కూడిక తీసుకోండి: హారాల్ని గుణించి, అడ్డంగా గుణించి కూడతాం కదా. 0/0 + 1/1 చేద్దాం. లవం 0×1 + 0×1, అంటే 0. హారం 0×1, అంటే 0. మొత్తం 0/0. బ్రహ్మగుప్తుడి ప్రకారం అది 0. కానీ విడివిడిగా కూడితే 0 + 1 = 1. కాబట్టి 1 = 0 అని తేలింది. ఒక్క చోట చిన్న మినహాయింపు ఇచ్చామనుకున్నాం, అది భిన్నాల కూడికనే పాడు చేసింది. ఈ మెట్టు చదివి వదిలేయకుండా మీ చేత్తో ఒకసారి రాయండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. నన్నడిగితే పాఠం మొత్తంలో విలువైనది ఇదే. 3లోంచి 5 పోదన్నారు, రుణ సంఖ్యలు తెచ్చుకున్నాం. 1ని 2తో భాగిస్తే పూర్ణ సంఖ్య రాదన్నారు, భిన్నాలు తెచ్చుకున్నాం. వర్గం −1 అయ్యే సంఖ్య లేదన్నారు, దానికీ ఒక గుర్తు పెట్టుకుని సంకీర్ణ సంఖ్యలు కట్టుకున్నాం. మరి 1 ÷ 0కి కూడా ఒక కొత్త సంఖ్య పెట్టేసుకుంటే పోలా? ఎవరొద్దన్నారు?

పెడదాం. దాని పేరు త. అంటే 0 × త = 1. మొదట్లో గుర్తుంచుకోమన్న వరస ఇప్పుడు దీని మీద నడపండి. 0 = 0 + 0 కాబట్టి 0×త = (0+0)×త = 0×త + 0×త. ఎడమ పక్క 1. కుడి పక్క 1 + 1. అంటే 1 = 2. రెండు వైపులా 1 తీసేస్తే 0 = 1. రెండు వైపులా 7తో గుణిస్తే 0 = 7. 7 బదులు ఏ సంఖ్య పెట్టినా అంతే, ప్రతి సంఖ్యా సున్నాయే. సంఖ్యారేఖ మొత్తం ఒక్క చుక్కగా ముడుచుకుపోయింది.

−1 వర్గమూలంతో ఇలా జరగలేదు. విభాగ న్యాయం నిలిచింది, గుణకారం నిలిచింది, పాత సంఖ్యలన్నీ వాటి చోట అవి ఉన్నాయి. అదీ ఉచితంగా రాలేదనుకోండి: సంకీర్ణ సంఖ్యల్లో ఏది పెద్ద, ఏది చిన్న అని అడగడం మానుకోవాల్సి వచ్చింది. ఆ ధర కట్టదగ్గదే. త అడిగే ధర మాత్రం ఉన్న సంఖ్యలన్నీ. కాబట్టి "నిర్వచించలేం" అంటే ఎవరికీ తోచలేదని కాదు, ఇంకెవరో రేపు కనిపెడతారనీ కాదు. ఏ జవాబు పెట్టినా మనం వాడుకుంటున్న నియమాల్లో ఏదో ఒకటి కూలుతుందని నిరూపణ అయిపోయింది.

నియమాల్ని వదులుకోవడానికి సిద్ధపడితే మాత్రం దారులున్నాయి. రీమాన్ గోళం అనే ఏర్పాటులో సంకీర్ణ సంఖ్యలన్నిటికీ ఒకే ఒక్క అనంతాన్ని చేర్చి 1 ÷ 0 = అనంతం అనే రాస్తారు. అయితే అక్కడ కూడా 0 ÷ 0, అనంతం × 0 ఖాళీగానే వదిలేస్తారు. కంప్యూటర్లలో దశాంశ లెక్కల కోసం 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం 1 ÷ 0కి అనంతం, 0 ÷ 0కి "ఇది సంఖ్య కాదు" అనే గుర్తు వస్తాయి. మీ ఫోన్‌లో రెండూ కొట్టి చూడండి. కొన్ని ఫోన్లు తేడా చూపిస్తాయి, కొన్ని రెండింటికీ ఎర్రర్ అని చేతులు దులుపుకుంటాయి. పూర్ణ సంఖ్యల లెక్కల్లోనైతే చాలా ప్రోగ్రాములు అక్కడికక్కడే ఆగిపోతాయి. 1997 సెప్టెంబరులో అమెరికా నౌకాదళానికి చెందిన యార్క్‌టౌన్ యుద్ధనౌకలో సిబ్బంది ఒకరు డేటాబేస్‌లో ఒక చోట 0 ఎక్కించారు. ప్రోగ్రాం దానితో భాగించబోయింది, ఓడలోని కంప్యూటర్ నెట్‌వర్క్ కుప్పకూలింది, ఇంజన్లు పనిచేయక ఓడ రెండు గంటలకి పైగా నీళ్ళ మీద నిలిచిపోయింది.

సరే, మనం ఓడలు నడపం. కానీ సమీకరణాలు సాధిస్తాం, సున్నా అక్కడ మారువేషంలో వస్తుంది. ఈ కింది "నిరూపణ" చూడండి. క = గ అనుకుందాం.

క² = క×గ
క² − గ² = క×గ − గ²
(క + గ)(క − గ) = గ(క − గ)
క + గ = గ
2గ = గ
2 = 1

తప్పెక్కడో చూపు తిప్పి వెతకడం కంటే, క, గ రెండింటికీ 5 వేసి ఒక్కో వరసా తనిఖీ చేయడం మేలు. మొదటి వరస 25 = 25, నిజం. రెండోది 0 = 0, నిజం. మూడోది 10 × 0 = 5 × 0, ఇదీ నిజమే. నాలుగోది 10 = 5. నిజం అక్కడే చచ్చిపోయింది. మూడో వరస నుంచి నాలుగో వరసకి రావడానికి (క − గ)తో భాగించాం. క = గ అని మొదటే అన్నాం కాబట్టి అది సున్నా. అక్షరాల చాటున ఉంది కాబట్టి కనపడలేదు.

పరీక్షల్లో ఇంత నాటకీయంగా జరగదు, నిశ్శబ్దంగా ఒక మూలం, అంటే సమీకరణానికి సరిపోయే ఒక జవాబు, మాయమవుతుంది. క² = 3క సాధించమంటే చాలామంది రెండు వైపులా కతో కొట్టేసి క = 3 అని రాసి సంతోషిస్తారు. క = 0 కూడా సరిపోతుంది కదా, అదెక్కడికి పోయింది? కతో భాగించిన క్షణంలో క సున్నా కాదని మీకు తెలియకుండానే ఒప్పేసుకున్నారు.

అందుకని ఈ అలవాటు చేసుకోండి. అక్షరం ఉన్న దేనితో భాగించినా, ఆ వరస పక్కనే "ఇది ≠ 0 అయితే" అని రాయండి. లెక్క పూర్తయ్యాక వెనక్కి వచ్చి, ఒకవేళ అది 0 అయితే ఏమవుతుందో విడిగా చూడండి. ఇంకా మంచి దారి అసలు భాగించకపోవడమే: అన్నిటినీ ఒక పక్కకి తెచ్చి కారణాంకాలు చేయండి. (క − 2)(క + 1) = 4(క − 2) అనుకోండి. కుడి పక్కది ఇటు తెస్తే (క − 2)(క + 1 − 4) = 0, అంటే (క − 2)(క − 3) = 0. జవాబులు 2, 3. కొట్టేసి ఉంటే 2 పోయేది.

అభ్యాసాలు. మొదటి మూడూ చేయి తిరగడానికి: క² = 7క సాధించండి; (క − 1)(క + 5) = 2(క − 1) సాధించండి; 5/(క² − 9) అనే భిన్నం క ఏ విలువల దగ్గర చెల్లదో చెప్పండి. నాలుగోది మహావీరాచార్యుడి మీద. 12/0 = 12 అనుకుని, దానికి 1/1 కలపండి. భిన్నాల నియమంతో ఒకసారి, విడివిడిగా ఒకసారి. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టండి.

ఐదోది వచ్చే పాఠానికి పునాది, వదలకుండా చేయండి. (క² − 4)/(క − 2)లో క = 2 వేస్తే 0/0 వస్తుంది, కాబట్టి అక్కడ విలువ లేదు. కానీ క = 1.9, 1.99, 1.999 వేసి చూడండి. తర్వాత అటు పక్క నుంచి 2.1, 2.01, 2.001. వచ్చిన ఆరు సంఖ్యల్నీ ఒక పట్టికలో రాసుకోండి. 12 ÷ 0 దగ్గర రెండు పక్కలూ పైకీ కిందకీ విడిపోయాయి కదా, ఇక్కడేం చేస్తున్నాయో గమనించి ఒక్క వాక్యంలో రాసి పెట్టుకోండి. ఆరో పాఠం, అవధులు, ఆ వాక్యంతోనే మొదలవుతుంది.