గేమింగ్ పీసీ కొంటున్నారా? ముందు ఆ కొటేషన్ ఓసారి ఇటివ్వండి

మా పిన్ని కొడుకు మొన్న సీటీసీకి, అదే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి ఒక కొటేషన్ రాయించుకుని ఫొటో పంపాడు. "అన్నా, లక్షా పదికి ఐ7 వస్తోంది, ఓకే చెప్పేయనా?" ఆ కాగితం మీద ఐ7 14700ఎఫ్ ప్రాసెసర్, లిక్విడ్ కూలర్, నాలుగు ఆర్‌జీబీ (రంగుల లైట్ల) ఫ్యాన్లు ఉన్నాయి. ఆ కింద గ్రాఫిక్స్ కార్డుకి "5060 టీఐ" అని ఒక ముక్క, పవర్ సప్లైకి "650 వాట్ ఎస్‌ఎంపీఎస్" అని ఇంకో ముక్క. చెప్పుకుంటే గొప్పగా ఉండేవాటికి పూర్తి పేర్లు రాసి, అసలైనవాటికి సగం పేర్లే రాశారు. మీ చేతిలో ఉన్న కొటేషన్ కూడా దాదాపు ఇలాగే ఉంటుంది, చూసుకోండి.

పార్టుల కంటే ముందు మానిటర్ సంగతి తేల్చుకోండి. 1080పీ తెర మీద దాదాపు 21 లక్షల చుక్కలుంటాయి, 1440పీ మీద 37 లక్షలు, 4కే మీద 83 లక్షలు. ఆ చుక్కలన్నీ గీసే పని గ్రాఫిక్స్ కార్డుది కాబట్టి, మీ తెర ఏదో తెలియకుండా కార్డు ఎంచుకోవడమంటే కాలి కొలత చెప్పకుండా చెప్పులు తెమ్మన్నట్టే. మావాడిది 1080పీ, 144 హెర్ట్జ్, అంటే సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే తెర. లక్ష చుట్టూ బడ్జెట్ ఉన్న చాలామందికి ఇదే సరిపోతుంది, 1440పీకి వెళ్లాలంటే ఇంకాస్త మంచి కార్డు కావాలి.

ఇప్పుడు ఆ "5060 టీఐ" చూద్దాం. ఈ పేరుతో రెండు కార్డులున్నాయి, ఒకటి 8 జీబీ, ఇంకోటి 16 జీబీ. చిప్ అదే, పేరు అదే, మెమరీ మాత్రం సగం. కొటేషన్‌లో జీబీ రాయలేదంటే అది 8 అనే అనుకోండి. ఏఎండీ వాళ్ల రేడియాన్ 9060 ఎక్స్‌టీ కార్డుదీ ఇదే కథ. ఈమధ్య వచ్చే పెద్ద గేముల్లో టెక్స్చర్లు (గోడలు, బట్టల మీద కనిపించే బొమ్మలు) అల్ట్రాలో పెడితే 1080పీలో కూడా 8 జీబీ నిండిపోతుంది. నిండాక సెకనుకి వచ్చే ఫ్రేములు తగ్గడం ఒక్కటే కాదు, ఆట మధ్యలో ఆగి ఆగి నడుస్తుంది, అది ఇంకా చిరాకు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ మాత్రమే ఆడతానంటే 8 చాలు, కథ ఉన్న పెద్ద గేములు ఆడాలంటే 16 తీసుకోండి. ఆ తేడా డబ్బు ఎక్కడి నుంచి తెస్తారంటే, ఐ7 నుంచి.

నా లెక్కలో మొత్తం బడ్జెట్‌లో 40 శాతం కార్డుకి పోవాలి, ప్రాసెసర్‌కి 20 శాతం దాటకూడదు. ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 7600లో ఆరు కోర్లు, 65 వాట్లు, రిటైల్ బాక్స్ తీసుకుంటే కూలర్ అందులోనే వస్తుంది. ఈ స్థాయి కార్డుకి అది చాలు, లిక్విడ్ కూలర్ ఖర్చు మొత్తం మిగిలిపోతుంది. (7600ఎక్స్‌కి కూలర్ రాదు. ట్రే ప్రాసెసర్ అని డబ్బా లేకుండా కాస్త తక్కువకి ఇస్తారు, దాని వారంటీ ఎవరిదో ముందే అడగండి.) మావాడికి చెప్పిన ఐ7 మంచిదే, కాదనను. కానీ అది కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్ ఇంటెల్ 14వ తరంతో ఆగిపోయింది, రేపు కొత్త ప్రాసెసర్ పెట్టాలంటే బోర్డు కూడా మార్చాల్సిందే. 7600 కూర్చునే ఏఎం5 సాకెట్‌కి 2027 దాకా సపోర్ట్ ఉంటుందని ఏఎండీ చెప్పింది. దానికి ముందున్న ఏఎం4లో అయితే 2017లో కొన్న చాలా బోర్డులు బయోస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో 2022 నాటి 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌ని కూడా నడిపించాయి. మదర్‌బోర్డు బీ650 చాలు, ఎక్స్670 మీద పెట్టే అదనపు డబ్బు గేముల్లో కనబడదు.

ఇంకా పై స్థాయి ప్రాసెసర్ 7800ఎక్స్3డీ సంగతేంటని అడుగుతారు. 7600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 32 ఎంబీ, అందులో 96 ఎంబీ, కొన్ని గేముల్లో తేడా గట్టిగానే ఉంటుంది. కానీ అది 240 హెర్ట్జ్ మానిటర్ పెట్టుకుని పోటీగా ఆడేవాళ్లకి, లేదా కార్డు కూడా ఖరీదైనది కొనేవాళ్లకి. మిగతావాళ్లు వదిలేయండి.

ర్యామ్ దగ్గర ఇప్పుడు టెన్షనే. ఏఐ సర్వర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో ధరలు విపరీతంగా పెరిగాయి. వీలైతే డీడీఆర్5 6000 వేగంలో రెండు 16 జీబీ స్టిక్కులు తీసుకోండి. అంత లేకపోతే ఒక్క 16తో మొదలుపెట్టి, తర్వాత అదే మోడల్ రెండోది పెట్టుకోవడం నాకైతే తప్పనిపించదు, కాకపోతే అప్పటిదాకా కొన్ని ఫ్రేములు పోతాయి. నాలుగు స్లాట్లున్నాయి కదా అని నాలుగూ నింపొద్దు, రైజెన్ 7000లో నాలుగు స్టిక్కులకి అధికారిక వేగం 3600కి పడిపోతుంది. ఎస్‌ఎస్‌డీ 1 టీబీ జెన్4 మామూలుది చాలు, జెన్5 కొని గేమ్ లోడింగ్‌లో మిగుల్చుకునేది పెద్దగా ఏమీ ఉండదు.

ఇక ఎస్‌ఎంపీఎస్. నా మొదటి పీసీలో క్యాబినెట్‌తో పాటే వచ్చిన సప్లై ఉండేది, పేరు వద్దులెండి. స్టిక్కర్ మీద పెద్దక్షరాల్లో 500 వాట్స్ అని ఉంది. ఓ రాత్రి ఆట మధ్యలో టప్‌మని చప్పుడొచ్చి, కాలిన వాసనతో మదర్‌బోర్డుని కూడా తీసుకుపోయింది. మర్నాడు విప్పి స్టిక్కర్ కింది గళ్లు చూస్తే, 12 వోల్ట్ దగ్గర 18 ఆంప్స్ అని ఉంది. 18ని 12తో గుణిస్తే 216. కార్డూ ప్రాసెసరూ తాగేది దాదాపు అంతా ఆ 12 వోల్ట్ లైన్ నుంచే, అంటే నేను 500 అనుకుని 216తో నెట్టుకొచ్చాను. నిజమైన 650 వాట్ సప్లైకి ఆ గడిలో 54 ఆంప్స్ దాకా ఉంటుంది. 5060 టీఐ 180 వాట్లు, 7600 గట్టిగా తాగినా 90 లోపే, కాబట్టి మంచి 550 చాలు, 650 అయితే తర్వాత కార్డు మార్చినా పనికొస్తుంది. ఇంకోటి, 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనేవి కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే ముద్రలు, లోపలి రక్షణ గురించి కాదు. కంపెనీ పేరు, పూర్తి మోడల్, వారంటీ ఏళ్లు కొటేషన్‌లో రాయించండి. క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందా? ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేనట్టు, ఇంకా వాడకుండా ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

క్యాబినెట్ ముందువైపు అద్దం కాదు, జాలీ ఉండాలి. ఏసీ లేని గదిలో, విజయవాడ మే నెల మధ్యాహ్నం, ఆ అద్దం వెనక ఫ్యాన్లు ఎన్ని రంగుల్లో వెలిగినా లాభం లేదు.

బేరంలో "బిల్లు వద్దంటే తగ్గిస్తా" అన్నారంటే లేచి వచ్చేయండి. 18 శాతం జీఎస్టీ మిగిలినట్టు కనిపిస్తుంది గానీ, కార్డు పాడైన రోజు వారంటీ వాళ్లు ముందు బిల్లే అడుగుతారు. రెండు షాపుల్లో, ఆన్‌లైన్‌లో, ఒక్కో పార్టుకీ విడివిడిగా ధర చూసుకోండి, మొత్తం మీద డిస్కౌంట్ అనే మాట నమ్మకండి. సెకండ్ హ్యాండ్ కార్డు అయితే మీ కళ్ల ముందు అరగంట గేమ్ నడిపి చూపించమనండి.

బిగించాక మూడు పనులుంటాయి. హెచ్‌డీఎంఐ లేదా డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ మదర్‌బోర్డుకి కాకుండా కార్డుకే గుచ్చండి. బయోస్‌లో ఎక్స్‌పో అనే ర్యామ్ సెట్టింగ్ ఆన్ చేయండి, లేకపోతే మీరు కొన్న 6000 ర్యామ్ చాలాసార్లు 4800 దగ్గరే నడుస్తుంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి 144 హెర్ట్జ్ ఎంచుకోండి, దానంతట అది మారుతుందని అనుకోకండి. నేను ఎనిమిది నెలలు 144 మానిటర్ మీద 60లోనే ఆడాను, పైగా ఎంత స్మూత్‌గా ఉందో చూడమని మావాడికే చూపించాను కూడా. వాడికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.