పాత కారుకు వింటర్ టైర్లు: సైజు దగ్గర పప్పులో కాలేయకండి

మంచు పడే చోట పాత కారు నడిపేవాళ్ళలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కారుకి ఇప్పుడున్న టైరు మీది అంకెలు వంగి చూసుకుని, అవే చెప్పి వింటర్ టైర్లు, అంటే చలికీ మంచుకీ తగ్గట్టు చేసిన టైర్లు, ఆర్డర్ పెట్టేస్తారు. షోరూమ్ నుంచి మీరే తెచ్చుకున్న కారైతే ఫరవాలేదు. పదిహేనేళ్ళు దాటి, ఇద్దరు ముగ్గురి చేతులు మారిన కారైతే మాత్రం మధ్యలో ఎవరో ముచ్చటపడి పెద్ద అల్లాయ్ వీల్స్ వేయించి ఉండొచ్చు. అప్పుడు టైరు మీద ఉన్నది కారు సైజు కాదు, ఆ పాత ఓనరు ముచ్చట.

నేను అచ్చంగా ఇలాగే దెబ్బ తిన్నాను. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న కారుకి 195/60 R15 టైర్లు ఉన్నాయి, అదే సైజులో వింటర్ టైర్లు వేయించాను, ఎండాకాలమంతా ఏ ఇబ్బందీ రాలేదు కదా అని ఇంకేమీ చూడలేదు. మంచు పడ్డ రెండో వారంలో ఒక పొద్దున పార్కింగ్‌లోంచి బయటికి తీస్తూ స్టీరింగ్ చివరిదాకా తిప్పేసరికి ముందు చక్రం దగ్గర బరబరమని శబ్దం. దిగి ఫోన్ టార్చ్ వేసి చూస్తే, ముందురోజు చక్రం పైన వంపులో పేరుకున్న బురదమంచు రాత్రికి రాయిలా గడ్డకట్టి ఉంది, టైరు భుజం దానికి ఒరుసుకుంటోంది, లోపలి ప్లాస్టిక్ లైనింగ్ ఒక మూల ఊడి వేలాడుతోంది. టైరు చుట్టూ వేలెడు వెడల్పున రబ్బరు అరిగి నున్నగా మెరుస్తోంది. అదే రోడ్డు మీద స్పీడులో ఉండగా జరిగి ఉంటే అన్న ఆలోచన చాలా రోజులు వదల్లేదు. ఆ రోజే డ్రైవర్ డోరు తీసి, డోరు మూసుకునే పిల్లర్ మీద కంపెనీ టైరు సైజు రాసి ఉండే, సగం చిరిగిన స్టిక్కర్‌ని తడిగుడ్డతో తుడిచి చూశాను: 185/65 R14.

అందుకే మొదటి జాగ్రత్త: టైరుని అడక్కండి, కారుని అడగండి. డోరు పిల్లర్, పెట్రోల్ మూత లోపలి వైపు, ఓనర్ మాన్యువల్, కొన్ని పాత కార్లలో గ్లవ్ బాక్స్ మూత, ఇవన్నీ వెతకండి. స్టిక్కర్ పూర్తిగా పోయి ఉంటే ఆ మోడల్, ఆ సంవత్సరం, ఆ ఇంజిన్‌కి కంపెనీ ఒప్పుకున్న సైజులేవో డీలర్ దగ్గరో మాన్యువల్ కాపీలోనో చూసుకోండి. ఒకే మోడల్‌లో చిన్న ఇంజిన్‌కి ఒక సైజు, పెద్ద ఇంజిన్‌కి ఇంకొకటి ఉండటం మామూలే, ఎందుకంటే పెద్ద ఇంజిన్ బండికి తరచుగా బ్రేకులు కూడా పెద్దవే ఉంటాయి.

ఇక అంకెల లెక్క. 185/65 R14 అంటే టైరు వెడల్పు 185 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 14 అంగుళాలు. పక్కగోడ 120 మి.మీ. చిల్లర, పైనా కిందా కలిపి 240.5, రిమ్ము 355.6, మొత్తం టైరు ఎత్తు 596 మి.మీ. నా కారుకి వేసి ఉన్న 195/60 R15 ఎత్తు 615. అంటే 3 శాతం పైనే పెద్దది, పైవైపు దాదాపు సెంటీమీటరు దగ్గరికి జరిగింది, వెడల్పు కూడా పెరిగింది. ఆ సెంటీమీటరే మంచుకి చోటు లేకుండా చేసింది. పైగా అసలు టైరుతో 100 కి.మీ. వేగంలో వెళ్ళే చోట ఇప్పుడు 103లో వెళ్తాం, మీటరు మాత్రం ఆ తేడా చూపించదు. కంపెనీ చెప్పిన ఎత్తుకి 2 శాతం అటూ ఇటూ దాటకుండా ఉంటే మనశ్శాంతి, 3 దాటితే వద్దనే అంటాను.

వెడల్పు గురించి ఒక మాట. లోతు మంచులో, బురదమంచులో సన్న టైరు బాగా పనిచేస్తుంది, మంచుని కోసుకుంటూ కింది గట్టి నేలని అందుకుంటుంది, వెడల్పు టైరు దాని మీద తేలినట్టు పోతుంది. తడి, పొడి రోడ్డు మీద బ్రేకింగ్‌కి మాత్రం వెడల్పు టైరుదే పైచేయి. కాబట్టి కంపెనీ ఒప్పుకున్న సైజుల్లో బ్రేకులకి తగలకుండా పట్టే చిన్న రిమ్ము, దాని మీద సన్న టైరు తీసుకోవడం పాత కారుకి మంచి పద్ధతి. పక్కగోడ ఎత్తుగా ఉంటే మంచు కింద కనపడని గుంటలో పడ్డప్పుడు రిమ్ము వంగే భయం కూడా తగ్గుతుంది.

కానీ సన్నది మంచిదన్నారు కదా అని ఇంకా కిందికి దిగిపోకండి, ఇక్కడే లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె, చూడాలి. 185/65 R14 టైరు మీద మామూలుగా 86 అని ఉంటుంది, అంటే ఒక్కో టైరు 530 కిలోలు మోస్తుంది. 175/65 R14 తీసుకుంటే 82, అంటే 475 కిలోలే. ఒక్కో చక్రం మీద 55 కిలోల తేడా. వెనక ముగ్గురు కూర్చుని, డిక్కీ నిండా సామాను వేసుకుని వెళ్ళేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. లోడ్ ఇండెక్స్ స్టిక్కర్ మీద ఉన్నదానికి తగ్గకూడదు, అంతే. టైరు ఎంత వేగం వరకు పనికొస్తుందో చెప్పే స్పీడ్ అక్షరం విషయంలో వింటర్ టైర్లకి చాలా దేశాల్లో కొంత సడలింపు ఉంది. హెచ్ అంటే 210, టి అంటే 190, క్యూ అంటే 160 కి.మీ. వేగం వరకు. తక్కువ అక్షరం వేయిస్తే ఆ పరిమితి డ్రైవర్‌కి కనపడేలా స్టిక్కర్ అంటించుకోండి, మీ చోట నిబంధన ఏమిటో ముందే కనుక్కోండి.

బాగా పాత కార్లకి వేరే చిక్కు ఉంది. టైరు మీద 155 ఎస్ఆర్ 13 అని మాత్రమే ఉండి శాతం అంకె కనపడకపోతే కంగారు పడకండి, ఆ కాలపు టైర్లలో పక్కగోడ దాదాపు 80 శాతం అని లెక్క, ఈనాటి 155/80 R13 దానికి దగ్గర. రిమ్ము మీద 390 లాంటి మూడంకెల సంఖ్య ఉంటే మాత్రం ఆగండి. అవి మిషెలిన్ కంపెనీ టిఆర్ఎక్స్ అనే టైర్ల కోసం మిల్లీమీటర్లలో చేసిన రిమ్ములు, 70ల చివర్లోనూ 80ల్లోనూ కొన్ని యూరప్ కార్లకి వచ్చేవి. 390 అంటే 15.35 అంగుళాలు. 15 అంగుళాల టైరుని దానికి బలవంతంగా ఎక్కించడం ప్రాణాలతో చెలగాటం. ఆ కారుకి అంగుళాల రిమ్ములు మార్చుకోవడమే దారి.

వింటర్ టైర్లకి విడిగా రిమ్ములు కొంటుంటే రిమ్ము వ్యాసం (ఆ 14, 15 అంగుళాల కొలత) ఒక్కటీ కలిస్తే చాలదు. బోల్టుల వరస, మధ్య రంధ్రం, రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికో బయటికో కూర్చుంటుందో చెప్పే కొలత) అన్నీ కలవాలి. అల్లాయ్‌కి వాడిన పొడుగు బోల్టులు స్టీల్ రిమ్ముకి బిగిస్తే లోపలి భాగాలకి తగలొచ్చు, తల ఆకారం తేడాగా ఉంటే బిగిసినట్టే ఉండి వదులైపోతాయి. మంచులో పట్టు కోసం టైర్లకి చైన్లు చుట్టుకునే ఆలోచన ఉంటే ఏ సైజుకి చైన్లు పడతాయో మాన్యువల్లో విడిగా రాసి ఉంటుంది, చూడండి.

టైరు కొనేటప్పుడు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచురేకు గుర్తు ఉందో లేదో చూడండి. ఎం ప్లస్ ఎస్ (M+S, బురద, మంచు అని అర్థం) అన్న అక్షరాలు ఒక్కటే ఉంటే నేను నమ్మను, దానికి మంచు పరీక్ష పాసవ్వాలన్న నియమం లేదు. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది, 3521 అంటే 2021లో 35వ వారం. మూడంకెలే ఉంటే అది 2000కి ముందుది, ఎంత కొత్తగా కనపడ్డా దాని జోలికి వెళ్ళకండి. ఇంకోటి, నాలుగు చక్రాలకీ వేయించండి. ముందు రెండింటికే వేయిస్తే ముందు పట్టు బాగుంటుంది, మలుపులో వెనక భాగం జారి బండి గిర్రున తిరిగిపోతుంది.

పాత కారులో స్ప్రింగులు కుంగి ఉంటాయి, కాబట్టి కాగితం మీద సరిపోయిన సైజు కూడా చక్రం వంపులో సరిపోకపోవచ్చు. బిగించిన రోజే వెనక సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టి, డిక్కీలో బరువు పెట్టి, స్టీరింగ్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి, ప్రతి చక్రం లోపలా బయటా టార్చ్ వేసి చూడండి. చలి ముదిరాక మళ్ళీ గాలి చూసుకోండి, వేడి దాదాపు 5 డిగ్రీలు పడిపోతే టైరులో గాలి ఒత్తిడి ఒక పిఎస్ఐ (గాలి కొలిచే యూనిట్) తగ్గుతుంది. 50 నుంచి 100 కి.మీ. తిరిగాక బోల్టులు టార్క్ రెంచితో (ఎంత బలంగా బిగించాలో కొలిచే పానాతో) ఇంకోసారి బిగించండి, చక్రం బిగించే హబ్ మీద తుప్పున్న బండైతే ఈ పని అస్సలు మరిచిపోవద్దు.