అమెరికా నుంచి హీటెడ్ జాకెట్ తెప్పించుకునే ముందు మీ బండిని ఒక్కసారి అడగండి

ముందుగా ఒక మాట అనేసుకుందాం. మన గోదావరి డెల్టాలో లోపలి వైర్లతో వేడెక్కే ఈ కరెంటు జాకెట్ తొడుక్కునేంత చలి లేదు. భోగి రోజుల్లో కూడా అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు తెల్లారగట్ల 15 డిగ్రీల కిందకి దిగడం అరుదు. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన మీదో, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ మీదో పొద్దున్నే బండి మీద వెళ్తే పళ్లు టకటకలాడతాయి, నిజమే, కానీ అదంతా ఏటిగాలి మహిమ. గాలి చొరబడని జాకెట్టు, మెడకి ఒక బఫ్ (గొట్టంలా తొడుక్కునే గుడ్డ), వేళ్లకి సరైన గ్లౌజులు ఉంటే ఆ బాధ తీరిపోతుంది. రొయ్యల చెరువుల మీదికి చీకటితో వెళ్లేవాళ్లు కూడా హీటెడ్ గ్లౌజులు కొనమంటారా అని అడుగుతుంటారు. వద్దండి. రొయ్య మేత తిందో లేదో చూసే చెక్ ట్రే ఎత్తి చూశాక చేతులు ఎలాగూ తడుస్తాయి, ఆ తడి చేతులు అందులో దూరిస్తే లోపలి లైనింగ్ సాయంత్రం దాకా ఆరదు, నాలుగు రోజుల్లో వాసన కొట్టడం మొదలెడుతుంది.

మరి ఎవరికి కావాలి? డిసెంబరు వచ్చిందంటే మన వైపు కుర్రాళ్లు రాత్రికి రాత్రి బయల్దేరి రాజమండ్రి, తుని, నర్సీపట్నం మీదుగా లంబసింగి ఎక్కేస్తారు. ఇంకొందరు పాడేరు, వంజంగి, అరకు. కొంచెం డబ్బు, సెలవు కూడబెట్టుకున్నవాళ్లు మనాలి, లడఖ్. వీళ్ల కోసమే ఇది. పైగా ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ అమెరికాలోనో ఇంగ్లండులోనో ఒక బావ ఉంటాడు, సంక్రాంతికి వస్తూ "ఏం తెమ్మంటావురా" అని అడుగుతాడు. అక్కడ గెర్బింగ్, కీస్ లాంటి కంపెనీలు బైకర్ల కోసమే ఈ హీటెడ్ బట్టలు చేస్తాయి కాబట్టి మనవాడు ఫోటో చూసి సరే తెచ్చెయ్ అంటాడు. అక్కడే ఆగాలి.

చలి లెక్క ఒకటి చెప్తాను. వాతావరణ శాఖల వాళ్లు వాడే విండ్ చిల్ సూత్రం ప్రకారం 10 డిగ్రీల చలిలో గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి 5 డిగ్రీల్లా తగులుతుంది. 5 డిగ్రీల్లో అదే వేగమైతే సున్నాకి ఇంకో రెండు కింద. ఘాట్‌లో 30 మీద నెమ్మదిగా ఎక్కినా 5 డిగ్రీలు సున్నాలాగే ఉంటుంది. అంటే సగం చలి మన వేగమే తెచ్చిపెడుతోంది, దాన్ని పైన వేసుకునే జాకెట్టే ఆపాలి. గాలి దూరే జాకెట్ లోపల ఎన్ని వాట్ల వైరు పెట్టినా ఆ వేడి బయటికే పోతుంది. పై జాకెట్ సరిగ్గా లేనివాళ్లు ముందు ఆ డబ్బు అక్కడ పెట్టండి, హీటర్ సంగతి వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

ఇక సరుకు విషయానికొస్తే ఇందులో మూడు రకాలున్నాయి. పవర్ బ్యాంకుతో నడిచే 5 వోల్టుల వెస్ట్‌లు, సొంత లిథియం బ్యాటరీతో వచ్చే 7.4 వోల్టుల గ్లౌజులు, జాకెట్లు, ఇంకా బండి బ్యాటరీకే తగిలించుకునే 12 వోల్టులవి. ఆన్‌లైన్లో చవగ్గా దొరికేవి ఎక్కువగా మొదటి రకం. వాటిలో వచ్చే వేడి పది వాట్లకి అటూ ఇటూ. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉండేదే 37 వాట్-అవర్లు, అందులో కొంత మార్పిడిలోనే పోతుంది, కాబట్టి గట్టిగా పెడితే మూడు గంటలు. టీ కొట్టు దగ్గర నిలబడి సూర్యోదయం కోసం ఎదురుచూడ్డానికి అవి బానే ఉంటాయి. 60 మీద వెళ్తుంటే మాత్రం ఆన్‌లో ఉందా లేదా అని మధ్యమధ్యలో తడిమి చూసుకోవాల్సి వస్తుంది.

7.4 వోల్టుల గ్లౌజుల్లో ఒక్కో చేతికి సుమారు 2,200 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంటుంది, ఎక్కువ మీద పెడితే రెండు గంటలు వస్తుంది, తక్కువ మీద దానికి రెండింతలు, మూడింతలు. చల్లబడేకొద్దీ లిథియం బ్యాటరీ తక్కువ ఇస్తుంది కాబట్టి డబ్బా మీద రాసిన గంటల్లో కొంత కోసేసుకోండి. లంబసింగి వెళ్లేవాళ్లకి నేనైతే ఇదే చెప్తాను. హైవే మీద తుని దాకా ఆఫ్‌లోనే ఉంచండి, నర్సీపట్నంలో టీ తాగి ఘాట్ మొదలయ్యే ముందు ఆన్ చేయండి. నిజంగా వేడి కావాల్సింది ఆ చివరి 30 కిలోమీటర్ల చిల్లరకే, దానికి ఈ బ్యాటరీ చాలు. బండి వైరింగ్ ముట్టుకోనక్కర్లేదు, బండి మార్చినా గ్లౌజులు మీతోనే ఉంటాయి.

12 వోల్టులవి ఇంకో లోకం. పై జాకెట్ లోపల వేసుకునే హీటెడ్ లైనర్ ఒక్కటే 65 నుంచి 90 వాట్లు లాగుతుంది, గ్లౌజుల జత ఇంకో 25 దాకా. రోజంతా అయిపోకుండా వేడి వస్తుంది, లడఖ్ లాంటి దూరాలకి దీన్ని మించింది లేదు. కానీ ఆ కరెంటు ఎక్కడిది? ఇంజను తిరుగుతుంటే కరెంటు తయారుచేసే మీ బండి ఆల్టర్నేటర్‌ది. అది ఇచ్చేదాంట్లో ఇంజనుకి, ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి, ఏబీఎస్‌కి, లైట్లకి పోగా మిగిలిందే మీది. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లకి హెడ్‌లైట్ ఆపే స్విచ్చే లేదు, పగలు కూడా వెలుగుతూనే ఉంటుంది. 100, 125 సీసీ బళ్లలో హాలోజెన్ బల్బే 35 వాట్లు తినేస్తుంది, వాటి మీద 90 వాట్ల జాకెట్ పెట్టడం అంటే కాలవ చివరి పొలానికి నీళ్లు అందకపోతుంటే మధ్యలో ఇంకో మోటారు వేసినట్టే. 350 దాటిన బళ్లలో కాస్త చోటుంటుంది గానీ మోడల్‌కీ మోడల్‌కీ తేడా. సర్వీస్ మాన్యువల్‌లో ఆల్టర్నేటర్ ఎన్ని వాట్లో రాసి ఉంటుంది, అది చూడండి, షోరూములో సేల్స్ కుర్రాడి మాట వద్దు.

మాన్యువల్ లెక్కతో తృప్తి పడనివాళ్లకి ఒక పరీక్ష ఉంది, ఏ మెకానిక్ షెడ్డులోనైనా అయిపోతుంది. కారు హెడ్‌లైట్‌కి వాడే పాత హెచ్4 బల్బు ఒకటి తీసుకోండి. అందులో డిమ్ (లో బీమ్) 55 వాట్లు, హై బీమ్ 60 వాట్లు. ఇంజను స్టార్ట్ చేసి, మల్టీమీటర్ బ్యాటరీ రెండు టెర్మినళ్లకీ పెట్టి, మూడు వేల ఆర్పీఎం దగ్గర పట్టుకుంటే 14 వోల్టులకి కాస్త అటూ ఇటూ కనిపించాలి. ఇప్పుడు ఫ్యూజ్ ఉన్న వైరుతో ఆ బల్బుని నేరుగా బ్యాటరీకి తగిలించి మళ్లీ చూడండి. 13.3, 13.5 దగ్గర నిలబడితే మీ బండి ఇంకో 60 వాట్ల దాకా భారం మోయగలదు. 12.6 కిందకి జారుతోందంటే బ్యాటరీలోంచి లాగేస్తోందన్నమాట, అలాంటి బండికి జాకెట్ కడితే కొండ మీద ఫోటోలు దిగి వచ్చి సెల్ఫ్ కొడితే టిక్ మని ఊరుకుంటుంది. ఇప్పటి బళ్లలో చాలావాటికి కిక్కర్ కూడా లేదు. బల్బు అలాగే ఉంచి ఐడ్లింగ్‌లో కూడా చూడండి, ఎందుకంటే ఘాట్ దిగేటప్పుడు, మంచులో ముందు బస్సు వెనక పాకేటప్పుడు మీరు ఉండేది ఆ ఆర్పీఎంలోనే. బల్బుని మాత్రం సీటు మీద పెట్టకండి, రెక్సిన్ కాలిపోతుంది.

వైరింగ్ గురించి పొడుగ్గా చెప్పను. ఫ్యూజ్ బ్యాటరీ ప్లస్‌కి బెత్తెడు దూరంలోపే ఉండాలి, జాకెట్ చివర కాదు. 90 వాట్లంటే ఏడున్నర ఆంపియర్లు, దానికి 10 ఆంపియర్ల ఫ్యూజ్ సరిపోతుంది, కిట్‌తో ఏది వచ్చిందో అదే వాడండి. ఫ్యూజ్ కొట్టేసిందని వెండి కాగితం చుట్టే మేధావులు మన షెడ్లలో ఇంకా ఉన్నారు, దగ్గరుండి చూసుకోండి. హెడ్‌లైట్ వైరు కోసి అందులోంచి లాగనివ్వొద్దు, వారంటీ పోతుంది, దాంతో లైటూ పోతుంది. కరెంటు స్కూటర్లవాళ్లు ఈ 12 వోల్టుల ఆలోచనే మానేయండి, మీకు సొంత బ్యాటరీ గ్లౌజులే దారి.

జాకెట్టా గ్లౌజులా, ఒక్కటే కొనగలిగితే ఏది అంటే, నేను గ్లౌజులే అంటాను. ఒళ్లు చలికి వణికితే ఇంకో స్వెట్టర్ వేసుకోవచ్చు, వేళ్లు కొయ్యబారితే బ్రేక్ పట్టేది ఎవరు? ఇక్కడ ఒక్కటి చూడాలి. ఆన్‌లైన్లో కనిపించే చాలా హీటెడ్ గ్లౌజులు మంచులో నడిచేవాళ్ల కోసం చేసినవి, పడితే అరచేతిని కాపాడవు. బైక్ గ్లౌజులకి యూరప్ వాళ్ల ప్రమాణం ఈఎన్ 13594, లోపలి లేబుల్ మీద ఆ అంకె ఉందో లేదో చూడండి. హీటింగ్ వైరు అరచేతి వైపు కాకుండా చేతి వెనక, ప్రతి వేలి కొస దాకా వెళ్లాలి, గాలి తగిలేది అక్కడే. తొడుక్కుని క్లచ్ పట్టి చూడండి, మరీ లావుగా ఉండి లివర్ ఎక్కడుందో తెలియకపోతే ఎంత వెచ్చగా ఉన్నా వద్దు. హ్యాండిల్‌కి వేసే వేడి గ్రిప్పులు చవక, 30, 40 వాట్లలో అయిపోతుంది, కానీ అరచెయ్యి కాలుతుంటే చేతివేళ్ల వెనక భాగం గడ్డకడుతుంది, హ్యాండ్ గార్డులు కూడా ఉంటేనే వాటికి అర్థం.

లైనర్ సైజు ఒంటికి అంటుకున్నట్టుండాలి. వదులుగా ఉంటే వైరుకీ ఒంటికీ మధ్య గాలి నిలిచి వేడి తెలియదు, తెలియక ఇంకా పెంచుతారు. అమెరికా ఎం సైజు మన ఎం కంటే పెద్దది, బావకి సైజు అక్షరం చెప్పకుండా ఛాతీ కొలత అంగుళాల్లో పంపండి. లోపల పలచని ఫుల్ చేతుల బనీను తప్పనిసరి, వైరు నేరుగా చర్మానికి తగలకూడదు. షుగర్ ఉండి అరచేతులు, అరికాళ్లు తిమ్మిరెక్కేవాళ్లు వీటి జోలికి వెళ్లకపోవడమే మేలు, కాలుతున్నా తెలియదు, ఓ మోస్తరు వేడి కూడా గంటలకొద్దీ ఒకేచోట ఉంటే బొబ్బ లేపుతుంది. మామూలువాళ్లు కూడా ఎక్కువ మీద పది నిమిషాలు పెట్టి తర్వాత మధ్యలోకి దించేయాలి.

తెచ్చేవాళ్లకి చెప్పాల్సినవి రెండు. ఛార్జర్ మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉందో లేదో కొట్లోనే చూడమనండి, 120 అని మాత్రమే ఉంటే ఇక్కడ ప్లగ్గులో పెట్టగానే పొగ. బ్యాటరీలు చెక్-ఇన్ పెట్టెలో పెట్టకుండా చేతి సంచిలో తెచ్చుకోమనండి, విమానంలో విడి లిథియం బ్యాటరీలకి అదే నియమం. ఇక్కడే కొనేవాళ్లు బ్యాటరీ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు చూసుకోండి, పేరూ ఊరూ లేని బ్యాటరీని గుండె దగ్గర జేబులో పెట్టుకుని తిరగొద్దు.

ఒకసారి వాడాక అసలు పరీక్ష మన ఊళ్లోనే. కొండ మీద చలి రెండు రోజులు, ఇక్కడి తేమ పది నెలలు. బ్యాటరీలు తీసేసి, గోరువెచ్చటి నీళ్లలో చేత్తో ఉతికి, పిండకుండా నీడన ఆరేయండి. మడతలు పెట్టి బీరువాలో కుక్కితే వైరు మడత దగ్గరే తెగుతుంది, హ్యాంగర్‌కి తగిలించండి, బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలు జేబుల్లో వేయండి. బ్యాటరీలు సగం ఛార్జింగ్‌తో ఉంచి, మూడు నెలలకోసారి చూసి మళ్లీ సగానికి తెచ్చుకోండి. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఊళ్లలో ఉండేవాళ్లు బండికి బిగించిన 12 వోల్టుల పిన్నుకి రబ్బరు మూత పెట్టించి, లోపల కాస్త తేమ చేరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు రాయండి. పచ్చటి చిలుము పట్టాక దాన్ని గరుకు కాగితంతో గీకుతూ కూర్చోవద్దు, పిన్నే మార్పించేయండి.