బ్రేక్ కిట్ కొనేముందు ఫ్లూయిడ్ మార్చి చూడండి

చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో నాలుగో ల్యాప్. బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోయింది. గుండె ఝల్లుమంది. కారుతో వచ్చిన బ్రేకులు చాలవనుకుని, పెద్ద డిస్కుల కిట్ కోసం డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టాను.

మా మెకానిక్ అన్న ఆపాడు. "పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే డిస్కును పట్టే ప్యాడ్లు వేడెక్కినట్టు. మెత్తబడిందంటే పెడల్ ఒత్తిడిని బ్రేకులకు చేర్చే ద్రవం, అదే బ్రేక్ ఫ్లూయిడ్, మరిగినట్టు తమ్ముడూ" అన్నాడు. నా కారులో ఉన్నది మూడేళ్ల నాటి డాట్ 4 రకం ఫ్లూయిడ్. కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం; తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 మాత్రమే.

ఎక్కువ వేడికి తట్టుకునే ఫ్లూయిడ్, ట్రాక్ ప్యాడ్లు, ఫ్లూయిడ్ వెళ్లే స్టీలు అల్లిక గొట్టాలు వేయించాను. డిస్కులు, ప్యాడ్లను వాటికి నొక్కే క్యాలిపర్లు పాతవే. టైర్లూ అవే. మొదటి ల్యాప్‌లో కారు ఆగే దూరంలో నాకు తేడా కనిపించలేదు. పాత బ్రేకులకు కూడా ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేసేంత బలం ఉంది, ఆపైన కారును ఆపేది టైర్ల పట్టే. అసలు తేడా పదో ల్యాప్‌లో తెలిసింది: పెడల్ మొదట ఎక్కడ పట్టిందో అక్కడే పట్టింది!

ట్రాక్ ప్యాడ్లు చల్లగా ఉంటే సరిగా పట్టవు, కీచుమంటాయి. అందుకే ఊళ్లో తిరగడానికి మళ్లీ పాత ప్యాడ్లే బిగిస్తున్నాను.