పక్షవాతం రోగిని ఇంట్లో చూసుకునేవారికి దూరం నుంచి తోడుగా ఉండటం ఎలా?

పక్షవాతం వచ్చినవారు ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాక వాళ్ల పనులు దాదాపు అన్నిచోట్లా ఒక్కరి మీదే పడతాయి. దూరాన ఉన్న పిల్లలు, తోబుట్టువులు రోజూ ఫోన్ చేసి “ఇవాళ ఎలా ఉంది?” అని అడుగుతారు. నలుగురు చేస్తే అదే జవాబు నాలుగుసార్లు చెప్పుకోవాలి. ఆపైన ఎవరో చెప్పిన కొత్త వైద్యం గురించి సలహాలు. దీనివల్ల చూసుకునేవారికి ఒక్క పనీ తగ్గదు, ఫోన్ ఎత్తడమనే ఇంకో పని పెరుగుతుంది. దూరం నుంచి చేసే సాయాన్ని ఒక్క ప్రశ్నతో కొలవొచ్చు: మీ వల్ల ఇంట్లోవాళ్లకు ఏ పని పూర్తిగా తప్పింది?

1. ముందు పనుల లెక్క తీయండి

చూసుకునేవారిని ఒక రోజంతా, రాత్రితో సహా, చేసిన పనులన్నీ వాయిస్ మెసేజ్‌లుగా పంపమనండి. రాయమంటే తీరిక దొరకదు. వాటిని మీరే కాగితం మీద పెట్టి రెండుగా విడదీయండి: మనిషి పక్కన ఉంటేనే జరిగేవి, లేకపోయినా జరిగేవి. ఒత్తిగిలించడం, స్నానం, తినిపించడం మొదటి రకం. డాక్టర్ అపాయింట్‌మెంట్లు, మందులు తెప్పించడం, బీమా కాగితాలు, బిల్లులు, బంధువులకు కబురు చెప్పడం, సాయానికి మనిషిని వెతకడం రెండో రకం.

రెండో రకంలోంచి కనీసం రెండు పనులు మొత్తంగా మీరు తీసుకోండి. మొత్తంగా అంటే గుర్తు చేయడం కూడా వాళ్ల బాధ్యత కాకూడదు. “ఏదైనా కావాలంటే చెప్పు” అనే మాట వినడానికి బాగుంటుంది కానీ, ఏం కావాలో ఆలోచించి అడిగే భారాన్ని మళ్లీ అలసిన మనిషి మీదే పెడుతుంది. బంధువుల ఫోన్ల పని తీసుకోవడం చాలా తేలిక, ఫలితం మాత్రం ఎక్కువ. వారానికి రెండుసార్లు మీరే ఒక గ్రూపులో నాలుగు ముక్కలు రాసి, “ఏ ప్రశ్నలున్నా నన్నే అడగండి” అని చెప్పేయండి.

2. కాగితాలన్నీ ఒకచోట చేర్చండి

డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టులు, మందుల చీటీలు, ఇంట్లో ఉన్న ప్రతి మాత్రల పట్టీ ఫొటోలు తెప్పించుకుని ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. వాటిలోంచి ఒక పేజీ తయారుచేయండి. అందులో ఉండాల్సినవి: రక్తనాళం పూడుకుపోయి వచ్చిన పక్షవాతమా (స్ట్రోక్), రక్తస్రావం వల్ల వచ్చిందా, ఏ వైపు బలహీనపడింది, మింగడం గురించి ఆసుపత్రిలో చెప్పిన జాగ్రత్తలు, ప్రస్తుతం వాడే మందులు, మోతాదు, వేళ, రక్తం పలుచన చేసే మందు ఉంటే దాని పేరు విడిగా, పడని మందులు, మామూలుగా ఉండే బీపీ. స్ట్రోక్ రకం మొదటే రాయడానికి కారణం ఉంది. ఒక రకంలో కాపాడే మందే రెండో రకంలో ప్రాణం మీదికి తేవచ్చు, కొత్త డాక్టర్ మొదట అడిగేదీ అదే.

ఈ పేజీ ప్రింటు ఒకటి మంచం పక్క గోడకు అంటించాలి. మందు మారినప్పుడల్లా కొట్టివేతలు లేకుండా కొత్త పేజీ తయారుచేసి, తేదీ వేసి, పాతది చింపేయించండి. తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఆసుపత్రిలో ఇచ్చిన మాత్ర, తర్వాత దుకాణంలో కొన్న మాత్ర పేర్లు వేరైనా లోపలి మందు ఒకటే అవుతుంది, ఇంట్లోవాళ్లు రెండూ వేస్తారు. పట్టీ వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూసి జాబితా రాస్తే ఇది బయటపడుతుంది. ఏ మందైనా 7 రోజులకు సరిపడా మిగిలినప్పుడే మళ్లీ తెప్పించండి. రక్తం పలుచన చేసే మందు ఒకటి రెండు రోజులు ఆగినా ప్రమాదమే.

3. ఫోన్ కుదురుగా పెట్టించండి

చేత్తో పట్టుకునే ఫోన్‌తో ఇక్కడ పని జరగదు, ఎందుకంటే చూసుకునేవారి రెండు చేతులూ రోగి మీదే ఉంటాయి. స్టాండు, పొడవైన చార్జర్ తీగ, స్పీకర్ ఉంటే చాలు. వెలుతురు రోగి ముఖం మీద పడాలి, వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగా కనబడి మూతి వంకర తెలియదు.

కొందరు రోగులు ఒక పక్క ఉన్నదాన్ని అసలు పట్టించుకోరు. కళ్లు బాగానే ఉన్నా మెదడు ఆ వైపును వదిలేస్తుంది. కుడి మెదడు దెబ్బతిన్నవారిలో ఎడమ వైపు ఇలా ఎక్కువగా జరుగుతుంది. అలాంటివారికి ఎడమ పక్క ఫోన్ పెట్టి “పలకట్లేదేమిటి” అనుకోవడం అన్యాయం. మాట్లాడటానికి వాళ్లు గమనించే వైపే పెట్టండి. రెండో వైపు గమనింపు పెంచే సాధన థెరపిస్ట్ చెప్పినప్పుడు, చెప్పినట్టు చేయించాలి.

4. చూసుకునేవారితో విడిగా మాట్లాడండి

రోగితో మాట్లాడే కాల్ వేరు, చూసుకునేవారితో మాట్లాడే కాల్ వేరు. రోగి వింటుండగా ఎవరూ “నావల్ల కావట్లేదు” అనరు. మొదటి నెలలో వారానికి రెండు మూడుసార్లు 15, 20 నిమిషాలు, తర్వాత వారానికోసారి, వాళ్లకు వీలైన వేళ ముందే ఖాయం చేసుకోండి.

“బాగున్నావా” అంటే “బాగానే ఉన్నా” అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. ఇలా అడగండి: రాత్రి ఎన్నిసార్లు లేచావు? ఈ వారం అన్నిటికంటే కష్టమైన పని ఏది? నడుం నొప్పి ఉందా? నీ మాత్రలు నువ్వు వేసుకుంటున్నావా? ఇల్లు దాటి బయటకు వెళ్లి ఎన్ని రోజులైంది?

నెలకోసారి ఇంకో రెండు ప్రశ్నలు చేర్చండి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం ఎంత తరచుగా జరిగింది? దిగులుగా, నిరాశగా అనిపించడం ఎంత తరచుగా? ఒక్కోదానికీ “అసలు లేదు” అంటే 0, “కొన్ని రోజులు” అంటే 1, “సగానికంటే ఎక్కువ రోజులు” అంటే 2, “దాదాపు రోజూ” అంటే 3. రెండూ కలిపి 3 గానీ అంతకుమించి గానీ వస్తే డాక్టర్‌ను కలవాలి. ఇది రోగ నిర్ధారణ కాదు, కలవాల్సిన వేళ అయిందని చెప్పే గుర్తు. చనిపోవాలనిపిస్తోందని అంటే స్కోరు లెక్కలు వదిలేసి వెంటనే వైద్యసాయం అందేలా, పక్కన ఒక మనిషి ఉండేలా చూడండి.

రోగి విషయంలోనూ మనసు సంగతి మరవొద్దు. స్ట్రోక్ వచ్చినవారిలో దాదాపు మూడింట ఒకవంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వస్తుంది. అది వేరు, కారణం లేకుండా ఉన్నట్టుండి ఏడవడం, నవ్వడం వేరు. రెండోది మెదడు దెబ్బతినడం వల్ల భావాల మీద పట్టు తప్పడం. చూసుకునేవారు దాన్ని తమ మీద కోపంగానో మొండితనంగానో అనుకుని నొచ్చుకుంటారు. ఈ ఒక్క సంగతి తెలిస్తేనే వాళ్ల మనసు చాలా తేలికపడుతుంది. రెంటికీ వైద్యం ఉంది.

మాట పడిపోయిన రోగితో మామూలు ఫోన్ కంటే వీడియో మేలు. అవును, కాదు అని చెప్పగలిగేలా ఒకసారికి ఒక్క ప్రశ్నే వేయండి. పది సెకన్లు ఆగండి. వాక్యం మీరు పూర్తి చేయకండి. గొంతు పెంచనవసరం లేదు, పోయింది మాట, వినికిడి కాదు.

5. వీడియోలో ఏం చూడాలి?

నేరుగా చూస్తూ అక్కడికక్కడే “అలా కాదు, ఇలా” అని అరవడం ప్రమాదకరం, పట్టు జారుతుంది. 30 సెకన్ల వీడియో తీసి పంపమనండి. కెమెరా రెండు మూడు మీటర్ల దూరంలో, పక్క నుంచి, తల నుంచి పాదాల దాకా కనబడేలా ఉండాలి. తీసేవారు ఇంకొకరు ఉండాలి, లేదా స్టాండు వాడాలి. అదే వీడియో ఫిజియోథెరపిస్ట్‌కూ పనికొస్తుంది. స్నానం, మలమూత్రాల వేళ వీడియో వద్దు, మిగతావాటికైనా రోగి ఒప్పుకోవాలి.

మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చడంలో చూడాల్సినవి ఇవి. కుర్చీ బలమైన వైపున, మంచానికి కాస్త ఏటవాలుగా ఉందా? బ్రేకులు వేశారా, పాదాలు పెట్టుకునే పలకలు పక్కకు తప్పించారా? రోగి మంచం అంచుకు జరిగి, పాదాలు నేలకు పూర్తిగా ఆనించి, ముందుకు వంగి లేస్తున్నాడా? చూసుకునేవారు నడుం వంచుతున్నారా, మోకాళ్లు వంచుతున్నారా? అన్నిటికంటే ముఖ్యం, బలహీనమైన చేతిని పట్టి లాగుతున్నారా, చంక కింద చేతులు పెట్టి ఎత్తుతున్నారా అన్నది. కండరాలు వదులైన భుజాన్ని అలా లాగితే కీలు జారి నెలల తరబడి నొప్పి పెడుతుంది, ఆ నొప్పితో వ్యాయామాలూ ఆగిపోతాయి. పట్టు నడుం దగ్గర ఉండాలి, అందుకు నడుం పట్టీ దొరుకుతుంది. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు ఆ చేతి కింద దిండు ఉండాలి.

తినేటప్పుడు నిటారుగా కూర్చోవాలి, తిన్నాక కూడా 30 నిమిషాలు అలాగే ఉండాలి. చిన్న చెంచాతో, ముందుది మింగాకే తర్వాతది. బలహీనమైన వైపు బుగ్గలో ముద్ద ఇరుక్కుంటుంది, చివర్లో నోరు తెరిపించి చూడాలి. మాటిమాటికీ పొలమారడం, మింగాక గొంతు నీళ్లు నిండినట్టు గరగరలాడటం కనిపిస్తే నోటితో ఇవ్వడం ఆపి ఆసుపత్రిని అడగండి. పొలమారకుండా నీళ్లు ఎంత చిక్కగా చేసి ఇవ్వాలో ఫోన్‌లో ఊహించి చెప్పకండి. కొందరికి ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారినా దగ్గు రాదు. అందుకే వీడియోలో బాగా తిన్నట్టు కనబడినా, జ్వరమో ఆయాసమో వస్తే అదే రోజు డాక్టర్ చూడాలి.

కదలలేనివారిని దాదాపు 2 గంటలకోసారి ఒత్తిగిలించాలి. తోక ఎముక, తుంటి, మడమలు రోజూ చూడాలి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే పాలిపోయి మళ్లీ ఎర్రబడితే సరే, నొక్కినా రంగు మారకపోతే పడక పుండు మొదలైనట్టే. ముదురు రంగు చర్మం మీద ఎరుపు తెలియదు. నల్లబడటం, వేడి, గట్టితనం, మెత్తబడటం చూడాలి. అక్కడ రుద్దకూడదు, బరువు పడకుండా చూసి నర్సుకు ఫొటో పంపాలి.

6. బీపీ లెక్క

5 నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చున్నాక, బలహీనపడని చేతికి, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చూడాలి. నిమిషం తేడాతో రెండుసార్లు, రెండూ రాయాలి. అంకె పంపడం వాళ్ల పని, పట్టికలో ఎక్కించి వారానికోసారి డాక్టర్‌కు చూపడం మీది. ఎంత దాటితే ఫోన్ చేయాలో డాక్టర్ నుంచి ముందే రాయించుకోండి. అది లేకపోతే ప్రతి అంకెకూ ఇంటిల్లిపాదీ కంగారుపడతారు, తర్వాత కొలవడమే మానేస్తారు.

7. డాక్టర్ వీడియో కాల్‌లో మీరు మూడో మనిషి

ముందురోజే మూడు ప్రశ్నలు, బీపీ పట్టిక, వీడియో పంపండి. కాల్‌లో మాట్లాడేది చూసుకునేవారు, రాసుకునేది మీరు. ముగిసేముందు “మీరు చెప్పింది ఇదీ” అని చదివి వినిపించి ఖాయం చేసుకోండి. దూరాన ఉండి ఇంట్లో మనిషి మాటకు అడ్డుపడి డాక్టర్‌తో వాదించేవాళ్లు ఉంటారు. తర్వాత ఆ కోపతాపాలన్నీ అనుభవించేది ఇంట్లో ఉన్న మనిషే.

8. ఫోన్ పక్కన పెట్టాల్సిన వేళ

కొత్తగా మూతి ఒక పక్కకు పోవడం, చేయి వాలిపోవడం, మాట ముద్దగా రావడం, ఉన్నట్టుండి చూపు పోవడం, తూలిపోవడం, స్పృహ తప్పడం, ఫిట్స్, రక్తం పలుచన చేసే మందు వాడుతూ కింద పడి తలకు దెబ్బ తగలడం: వీటిలో ఏది జరిగినా ముందు అంబులెన్స్, తర్వాతే మీకు ఫోన్. ఈ వరస ముందే చెప్పి ఉంచండి, లేకపోతే అందరూ ముందు మీకే చేస్తారు. చివరిసారి మామూలుగా ఎప్పుడు కనిపించారో ఆ సమయం రాసి పెట్టాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చా లేదా అన్నది ఆ సమయం మీద ఆధారపడుతుంది. సాధారణంగా దాని గడువు 4.5 గంటలు. నోటి ద్వారా నీళ్లు కూడా ఇవ్వొద్దు. ఆస్పిరిన్ వేయొద్దు, స్కాన్ తీయకుండా అది పూడికో రక్తస్రావమో ఎవరూ చెప్పలేరు.

వీడియోలో మీకే లక్షణం కనిపించిందనుకోండి. మీరు ఉన్న ఊరి నుంచి అత్యవసర నంబరుకు చేస్తే అది మీ ఊరి కేంద్రానికే వెళ్లొచ్చు. రోగి ఉన్న ఊళ్లోని ఆసుపత్రి అత్యవసర విభాగం నంబరు, అంబులెన్స్ నేరు నంబరు, తలుపు తాళం ఉన్న ఇరుగుపొరుగు ఒకరి నంబరు మీ ఫోన్‌లో ఉండాలి. మూడింటికీ ఒకసారి చేసి చూసుకోండి.

9. సెలవు ఇప్పించండి

వారానికి కనీసం ఒక పూట చూసుకునేవారు ఇల్లు విడిచి వెళ్లాలి. ఆ పూటకు మనిషిని వెతకడం, వీడియోలో మాట్లాడటం, జీతం పంపడం మీరు చేయగలిగినవే. కొత్త మనిషికి మొదటి రెండుసార్లు చూసుకునేవారు పక్కనే ఉండి చూపించాలి, ఆ రెండు పూటలను సెలవుగా లెక్కవేయకండి. వీడియో కాల్‌ను కాపలాగా వాడొద్దు, రోగి మంచం దిగబోతే మీరు తెరలోంచి పట్టుకోలేరు.

ఆరు వారాలకోసారి మొదటి రోజు రాసిన పనుల కాగితం మళ్లీ తీయండి. రోగి సొంతంగా చేసుకోగలుగుతున్నవి కొట్టేయండి, కొత్తగా చేరినవి రాయండి. ఇంట్లోవాళ్ల వైపు ఉన్న వరస పొడవు తగ్గకపోతే మీ వైపు ఇంకో పని చేర్చుకోండి.