లిగమెంట్ సర్జరీ తర్వాత మా బ్రూనో మోకాలు

మా లాబ్రడార్ బ్రూనోకి వెనక కాలి మోకాలి లిగమెంట్ తెగితే టీపీఎల్‌ఓ సర్జరీ (మోకాలి కింది ఎముకను కోసి, కోణం మార్చి, ప్లేటుతో బిగించే ఆపరేషన్) చేయించాం. ఎముక అతికింది, నడక కుదురుకుంది. కానీ చలికాలం వచ్చేసరికి పొద్దున్నే లేవడానికి ఇబ్బంది పడేది. ఆపరేషన్ మోకాలికి పట్టు ఇస్తుంది గానీ కీలులో మొదలైన ఆర్థ్రైటిస్‌ను పోగొట్టదని డాక్టర్ చెప్పారు.

అన్నిటికన్నా బాగా పనిచేసింది బరువు తగ్గించడం. పెరుగన్నం, బిస్కెట్లు మానేసి, డాగ్ ఫుడ్‌ని వంటింటి కాటా మీద గ్రాముల్లో తూచి పెట్టాం. పక్కటెముకలు చేతికి తేలిగ్గా తగలాలి, పైనుంచి చూస్తే నడుము సన్నగా కనిపించాలి. బ్రూనో అలా ఆశగా చూస్తుంటే ఇంట్లో ఎవరో ఒకరు ముక్క పెట్టేస్తారు, అసలు కష్టం అక్కడే.

టైల్స్ మీద జారకుండా రబ్బరు మ్యాట్లు పరిచాం, అరికాళ్ల మెత్తల మధ్య వెంట్రుకలు కత్తిరిస్తున్నాం. బంతి విసరడం ఆపేసి, బెల్టు పట్టుకుని రోజూ నెమ్మదిగా నడిపిస్తున్నాం. చేపనూనె డాక్టర్ చెప్పిన మోతాదులోనే. మనుషుల ఇబుప్రోఫెన్, పారాసిటమాల్ మాత్రం సొంతంగా ఇవ్వకండి, ప్రాణం మీదికి వస్తుంది.

ఒక కాలికి తెగిన కుక్కల్లో చాలావాటికి రెండోదీ తెగుతుంది. అందుకే కూర్చునేటప్పుడు బ్రూనో రెండో కాలు పక్కకి చాపుతోందేమో చూస్తూ ఉంటాం. అనుమానం వస్తే వెంటనే డాక్టర్‌కి చూపిస్తాం.